వాసనకు ఆగిన కణాలు

ప్రయోగశాలలో ఆమెను అందరూ ఈస్టక్క అనేవారు. రొట్టె పిండిని పొంగించే ఈస్ట్‌ను పెంచడమే ఆమె ఉద్యోగం. ఒక కణం రెండయ్యేటప్పుడు ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుంది, ఎప్పుడు ఊరుకుంటుంది అన్నది అక్కడి పరిశోధన. అది తేలాలంటే కణాలన్నీ ఒకేసారి బయలుదేరాలి. అందుకో ఉపాయం ఉంది. ఈస్ట్‌లోనూ, ఆడా మగా అనలేం గానీ, రెండు రకాలున్నాయి. ఒకదానికి రెండోదాని వాసన తగిలితే చాలు, పిచ్చిది, పెరుగుతున్నది కాస్తా ఆగిపోతుంది. రెండవడానికి కావలసిన జన్యువులు మూతపడతాయి, జతకట్టే జన్యువులు తెరుచుకుంటాయి. మూతి సాచుకుని ఎదురుచూస్తుంది. వచ్చేదెవరు? ఆ వాసన ఈస్టక్క పోసిన మందుది! మందు కడిగేశాక అన్నీ ఒక్కసారే కదులుతాయి.

ఈస్టక్కకూ ఒక బావ ఉన్నాడు. మేనత్త కొడుకు, ఓడల్లో మెకానిక్కు. వచ్చే సెలవుల్లో పెళ్లి అనడం అతనికి ఊతపదం. మాటలు కోటలు దాటేవి, కాళ్లు గడప దాటేవి కావు. ఆమె కళ్లు కాయలు కాచాయి. ఇంట్లో కంచాలు రెండు, తడిసేది ఒకటే. అతను ఈ ఊరికే వస్తానన్నాడని, వేరే ఊళ్లో వచ్చిన పెద్ద ఉద్యోగాన్ని కాలదన్నుకుంది. అదృష్టం, అదే మళ్లీ వచ్చింది. సాయంత్రంలోగా చెప్పమంది ప్రయోగశాల నడిపే మేడమ్. ఇక అడగరట.

మధ్యాహ్నం కణాలకు మందు పోసి, బావకు ఫోన్ చేసింది. ఈమె ఉద్యోగం ఊసెత్తకముందే అతను తుఫాను సంగతి, కొత్త ఓడ సంగతి చెప్పి, వచ్చే సెలవుల్లో తప్పకుండా అని పెట్టేశాడు. ఆమె మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పక్కనుంచి వెళ్లినవాళ్లు జలుబనుకున్నారు. కడగాల్సిన వేళ దాటిపోయింది.

పరుగున వచ్చి సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల మీద మొగ్గలు! కడగకుండానే మళ్లీ రెండవుతున్నాయి. ఆమెకు తెలియనిదేం కాదు. ఆ వాసనను విరిచేసే ఎంజైమును కణాలే తయారుచేసుకుంటాయని, ఎవరూ రాకపోతే తమ పని తాము చూసుకుంటాయని కొత్తవాళ్లకు చెప్పేది తనే. చెప్పిందే గానీ, ఎన్నడూ మనసుకు పట్టలేదు.

ప్రయోగం పాడైందని మేడమ్‌తో చెప్పింది. ఆ ఉద్యోగానికి వెళ్తానని కూడా చెప్పింది.

"మరి మీ బావ?"

"ఇన్నాళ్లూ వాసనే మేడమ్. మనిషి లేడు."

ఇంటికెళ్లి కొత్త ఊరికి ఒక్క కంచమే సర్దుకుంది. ఏడుస్తూనే సర్దుకుంది.