బల్లమీది రిసీవరు

పాత సామాన్ల బండిలో నల్లఫోను చూస్తే పాకాలలో మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది.

ఒకప్పుడు ఫోన్లు గోడకుండేవని, మాటలయ్యాక రిసీవర్ని కొక్కేనికి తగిలించేవాళ్లని, అందుకే ఫోను పెట్టేయడాన్ని ‘హ్యాంగప్’ అంటారని ఒకరోజు బళ్లో టీచరు చెప్పింది. ఇంటికొస్తే మా రిసీవరు బల్లమీద పడుండాది. పద్ధతి తెలీనోళ్లు అని గొణుక్కుంటా తీసి ఫోనుమీద పెట్టేసినాను.

అంతలో అమ్మ పక్కింటి రత్నత్తను పిలుచుకొచ్చింది. కువైట్ నించి ఆమె కూతురు చేసిందంట. అత్త పిండిచేతుల్తోనే రిసీవర్ని చెవికి ఆనించుకునింది.

“అమ్మీ... అమ్మీ...” అనింది. కాసేపటికి, “లైను పోయినట్టుండాది లేమ్మా” అని నవ్వింది. పొద్దుగూకేదాకా ఫోను పక్కనే కూర్చునింది. అది మళ్లీ మోగలేదు.

ఆ ఇంగ్లీషు మాట ఇంట్లో అందరికీ చెప్పాలని దారంతా వల్లె వేసుకుంటా వచ్చినాను. పెట్టేసింది నేనేనని తెలుగులో కూడా చెప్పలేకపోయినాను.