నాలుగు గంటల తనిఖీ

మంచు కొండల మీది సరిహద్దు సైనిక పోస్టుకి చేరింది జనవరిలో, మధ్యాహ్నం పన్నెండింటికి. పదిహేడు వేల అడుగుల ఎత్తు. నడుముకి తాడు కట్టుకుని ఆరు రోజుల నడక. ఫైబర్ గుడిసె ఒకటి, లోపల కిరోసిన్ పొయ్యి, ఐదుగురం మనుషులం. బయట మైనస్ ముప్పై. ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు, శత్రువు కనపడ్డాడా అని. తొంభై రోజుల్లో ఒక్కడూ కనపడలేదు. మా కొంప ముంచింది మాలో ఇద్దరం పల్నాడు నుంచి వెంట తీసుకెళ్ళిందే.

పోస్టు కమాండర్ని సాబ్ అనేవాళ్ళం. నలభై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ. చేరిన గంటలోనే ఆర్డరు చెప్పాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి జోడీలుగా కూర్చోవాలి. బూట్లు, మూడు పొరల సాక్సులు విప్పాలి. ఒకడి కాళ్ళు ఇంకొకడు ఒళ్ళో పెట్టుకుని వేలు వేలూ పట్టి చూడాలి. రంగు మారిందా, స్పర్శ ఉందా. నాలుగున్నరకి కింద బేస్ క్యాంపుకి రేడియోలో చెప్పాలి. ఆ అరగంటా బయట కాపలా సాబే కాసేవాడు.

"నొప్పి పుడితే భయపడొద్దు. నొప్పి పోతే మాత్రం వెంటనే నాకు చెప్పండి," అన్నాడు.

నా జోడీ రేడియో ఆపరేటర్. క్రోసూరువాడు, నాకంటే అయిదేళ్ళు చిన్న. నాది దాచేపల్లి పక్క ఊరు. ఒక ప్రాంతం వాళ్ళమని సాబ్ కావాలనే కలిపాడు. మొదటి రోజు నేను చెయ్యి చాపగానే వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వదులన్నా. కాళ్ళు పట్టడానికి నువ్వేమన్నా నా పెళ్ళానివా?"

పగలబడి నవ్వాను. నిజం చెప్పాలంటే, నాకూ గండం గడిచినట్టే అనిపించింది. మా నాన్న లారీ దిగి ఇంట్లోకి రాగానే "ఏమే" అని ఒక్క కేక వేసేవాడు. అమ్మ వచ్చి కాళ్ళు పట్టేది. ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాక ఆ పని చెల్లెలికి వచ్చింది. నేను గడపలోనే నిలబడి ఉన్నా నన్నెవరూ పిలవలేదు. నేనూ వెళ్ళలేదు.

అలా మా ఒప్పందం కుదిరింది. బూట్లు మాత్రం విప్పి, సాక్సులతోనే ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం.

"చూశావా అన్నా?"

"చూశా."

నాలుగున్నరకి వాడే రేడియో అందుకుని, "అందరి కాళ్ళూ బాగున్నాయి, ఓవర్," అనేవాడు. నా కాళ్ళు నేను చాటుగా చూసుకునేవాణ్ణి. వాడూ చూసుకుంటాడనుకున్నాను.

రోజూ పొద్దున యాంటెన్నా మీది మంచు దులపడానికి వాడు గంటసేపు బయట ఉండాలి. అయిదో వారంలో కుంటడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, చానా కుంటుతున్నావు? సాబ్‌తో చెబుదామా?"

"ఈమాత్రం దానికి ఆడదానిలా ఏడవమంటావా అన్నా?"

నలభయ్యో రోజు మామూలుగా నడిచాడు. "నొప్పి పోయిందన్నా," అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. సాబ్ మాట నాకు గుర్తే రాలేదు.

నలభై రెండో రోజు పొద్దున వాడి కాలు బూటులోకి దిగలేదు. సాబ్ కత్తెరతో సాక్సులు కోశాడు. వేళ్ళు నల్లగా, బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. ఆయన తిట్టలేదు. కింద కూర్చుని, చొక్కాలు పైకెత్తి, ఆ రెండు పాదాలనూ తన పొట్టకి ఆనించుకున్నాడు. వాడు టోపీతో మొహం కప్పుకున్నాడు.

"సిగ్గుగా ఉంది సాబ్."

సాబ్ నా వంక తిరిగాడు. "నువ్వు రోజూ చూశానన్నావు కదా?"

నేను వంగి, కోసిన సాక్సు ముక్కలు ఏరాను. మంచు తుఫాను. హెలికాప్టర్ మూడో రోజుకి గానీ రాలేదు.

ఆరు నెలల తర్వాత సెలవు దొరికింది. నడికుడిలో రైలు దిగి నేరుగా క్రోసూరు వెళ్ళాను. వాడు మంచం మీద ఉన్నాడు. కుడికాలికి వేళ్ళు లేవు, ఎడమకాలికి రెండు మిగిలాయి. చుట్టూ వాళ్ళ వీధిలోని మగవాళ్ళు. వాడు నా చెవిలో అన్నాడు, "బుల్లెట్ అని చెప్పానన్నా. సాక్సులిప్పలేదంటే నవ్వుతారు. నువ్వూ అట్టాగే చెప్పు."

వాళ్ళ బాబాయి అడిగాడు. "అవును బాబాయ్, బుల్లెట్టే," అన్నాను.

"మగాడంటే వీడు!" అన్నారందరూ.

నేను బయల్దేరుతుంటే వాడి భార్య గుమ్మం దాకా వచ్చింది.

"అన్నయ్యా, రోజూ కట్టు మార్చేది నేను. బుల్లెట్ తగిలితే రెండు కాళ్ళకీ ఇట్టా కొసలే పోతయ్యా? ఆడ ఈయన కాళ్ళు చూసేవాళ్ళు ఒక్కరు కూడా లేరా?"

ఉన్నాను, నేనే ఉన్నాను అని చెప్పలేకపోయాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం నాది. నాలుగింటికి సైరన్ మోగుతుంది. ఆ మోత వినగానే కిరోసిన్ పొయ్యి ముందు చాపిన రెండు కాళ్ళు కనపడతాయి. బూడిద రంగు సాక్సులు, బొటనవేలి దగ్గర చిన్న చిల్లు. నా చేతికి జానెడు దూరంలో ఉంటాయి. ఎదురుగా కూర్చుని నేను నవ్వుతూ ఉంటాను.