రాళ్లదిబ్బ మీంచి తీసిన ఊరు

నిన్న ఉదయం తొమ్మిదీ ఇరవైకి నందిగామ బస్టాండు దగ్గర నా బండికి పంక్చరు వేయించుకుంటున్నాను. షాపతను ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరడానికి పక్కన పెట్టాడు. ఆ వాసన తగిలాక బెంచీ మీద కూర్చోలేకపోయాను. రోడ్డు దాకా వెళ్లాను, తిరిగొచ్చాను, మళ్లీ వెళ్లాను. ఒకప్పుడు రోజంతా ఆ వాసనలోనే పనిచేసేదాన్ని. పంక్చరు షాపులో కాదు, డేవిడ్ గారి ఫొటో స్టూడియోలో.

డేవిడ్ గారు పోయిన వేసవిలో చనిపోయారు. ఆయన్ను చూడనివాళ్లకు ముందుగా చెప్పాల్సింది, ఆయన ఒకచోట నిలిచే మనిషి కాదని. టీ తాగుతూ నడిచేవారు, అన్నం తింటూ లేచి గుమ్మం దాకా వెళ్లొచ్చేవారు. తొంభైల మధ్యలో, డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్క, నేను ఆయన దగ్గర చేరాను. అప్పట్లో నాకూ ఒకచోట కాలు నిలిచేది కాదు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆయన బతుకుతెరువు. ఇష్టం మాత్రం పొడుగు ఫొటో మీద. ఒక ఫ్రేములో పట్టని పొలాన్నో కొండనో వరసగా ముక్కలు ముక్కలుగా తీసి, ప్రింట్ల అంచులు బ్లేడుతో కోసి, పంక్చరు సొల్యూషన్‌తో అట్ట మీద అతికించేవారు. మామూలు జిగురు రాస్తే కాగితం ముడతలు పడుతుంది.

ఆ పని నాకు స్టూడియో మేడ మీద నేర్పారు. స్టాండు మీద తాపీమేస్త్రి రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా దాని కాళ్లు సర్దించారు. కెమెరా నిలువుగా బిగించాలి. ముందు ఫ్రేములో ఉన్నదాంట్లో మూడో వంతు తర్వాతి ఫ్రేములో మళ్లీ రావాలి. వెలుతురు ఒకసారి కొలుచుకున్నాక ఇక దేన్నీ ముట్టుకోకూడదు.

"మధ్యలో మబ్బొస్తేనండీ?"

"మళ్లీ మొదటి నుంచి."

"ఆ ఒక్కటే ఇంకోసారి తీస్తే సరిపోదా?"

"సరిపోదమ్మా. అతుక్కి ఇటు ఎండ, అటు నీడ. చూసినోళ్లు రెండూళ్లనుకుంటారు."

ఆయన అక్క శాంతమ్మ గారిది జగ్గయ్యపేట అవతల, సున్నపురాయి కొండ కింద చిన్న పల్లె. క్వారీ ఊరి మీదికి వచ్చింది. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆమె మాత్రం సామాన్లన్నీ గరికపాడులో తీసుకున్న ఇంటికి పంపేసి, ఖాళీ ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. కొండతో సహా ఊరంతా ఒకే ఫొటోలో తీస్తేగాని కదలనని తమ్ముడికి కబురు పంపింది. మేం వెళ్లిన మర్నాడే ఇళ్లు కూలుస్తారు. మాకున్నది ఆ ఒక్క మధ్యాహ్నం.

"పెళ్లికొడుకులు కళ్లు మూసుకున్నప్పుడే నొక్కుతావంట కదరా," అంది ఆవిడ మమ్మల్ని చూడగానే. "కొండ కళ్లు మూసుకోదులే, భయపడకు."

"నేను చెయ్యూపేదాకా నువ్వు నీ గుమ్మంలోంచి కదలకు అక్కా, చాలు."

"నీలా తిరిగే జబ్బు నాకు లేదు."

ఊరికి ఎదురుగా క్వారీవాళ్లు పోసిన రాళ్లదిబ్బ ఎక్కాం. ఎండ మా వీపు మీద ఉంది, కానీ మబ్బులు తెగిపోకుండా వస్తున్నాయి. డేవిడ్ గారు తీయడం మొదలుపెట్టేవారు, కొండ మీదికి నీడ పాకేది, ఆపేసేవారు. మళ్లీ ఎడమ చివరికి తిప్పేవారు. అలా రీలు తరిగిపోతోంది. నా కాళ్ల కింద రాళ్లు జారుతుంటే అటూ ఇటూ అడుగులు వేశాను.

"కదలకమ్మా, దిబ్బ అదురుద్ది," అన్నారు. ఆయన మాత్రం స్తంభంలా ఉన్నారు. ఆ మనిషిని అలా చూడడం నాకు అదే మొదలు. ఒక్కసారి మబ్బు తెరిపిచ్చింది. ఎడమ నుంచి కుడికి తిప్పుతూ చివరి ఫ్రేము దాకా తీశారు. ఆ తర్వాత రీలు తిరగలేదు, అయిపోయింది.

విజయవాడ నుంచి ప్రింట్లు వచ్చేసరికి అక్కడ ఇళ్లు లేవు. బల్ల మీద వరసగా పరిచాం. మొదటి ముక్కలో శాంతమ్మ గారు తన గుమ్మంలో ఉన్నారు. మధ్య ముక్కలో చర్చి మెట్ల దగ్గర ఉన్నారు. చివర్లో బోరింగు పక్కనా ఉన్నారు. కెమెరా తిరిగినవైపే ఆమె కూడా నడిచింది.

"జన్మలో చెప్పిన మాట వినదు," అన్నారు డేవిడ్ గారు.

"అతుకు కొంచెం జరిపి కోస్తే ఆ రెండుచోట్లా పోతారండీ," అన్నాను.

స్కేలు పెట్టి బ్లేడు తీశారు. పెట్టేశారు. బల్ల చుట్టూ తిరిగి, రోడ్డు మీదికి వెళ్లి, వచ్చి మళ్లీ బ్లేడు తీశారు.

"వద్దులే. ఊళ్లో ఇంకెవరున్నారు?"

అలాగే అతికించి, గరికపాడు తీసుకెళ్లాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరికి వేలు జరుపుకుంటూ చూసింది.

"ఒక్కదాన్నే మిగిలాననుకున్నా. ముగ్గురం ఉన్నామే."

"కదలొద్దన్నానుగా."

"తలుపులన్నీ బార్లా తీసి పోయార్రా. కుక్కలు దూరతాయని గొళ్లాలు పెట్టుకుంటా వచ్చా."

బయట చెక్‌పోస్టు దగ్గర లారీలు హారన్లు కొడుతున్నాయి. డేవిడ్ గారు ఆ గదిలో చాలాసేపు నడవకుండా నిలబడ్డారు.

ఇప్పుడు ఆ కొండ ఉన్నచోట గొయ్యి ఉంది. వెడల్పైన చోటు ఏది కనిపించినా నేను ముందు కాళ్లు సర్దుకుంటాను, ఎడమ చివర నుంచి చూడడం మొదలుపెడతాను. మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్లీ ఎడమ చివరికి వెళ్తాను. నిన్న బండి తయారయ్యేలోపు ఫోనుతో బస్టాండును పొడుగ్గా తీసి చూశాను. అతుకులు అదే వేసుకుంది. నడిచిపోతున్న ఒకామెను సగం చెరిపేసింది. ఫొటోలను ఇప్పుడెవరూ సొల్యూషన్‌తో అతికించడం లేదు.