ఊటకుంట ప్రమాణం

మునివెంకటప్ప ఎవరినీ నమ్మేవాడు కాదు. ఇది చాటుగా అనే మాట కాదు, ఆయన ముఖం మీదే అనేవాళ్ళం. "నమ్మినోడు బాగుపడినట్టు యాడైనా సూసినావా?" అని తిరిగి మమ్మల్నే అడిగేవాడు. ఐరాలకు దగ్గర్లో, గుట్ట కింద ఉన్న మా పల్లెలో చాలామందికి ఆయన మామ వరస. బెల్లం తూచేటప్పుడు అందరూ కాటా ముల్లు చూస్తే, మామ వ్యాపారి మోకాలు ఎక్కడ ఆనుతోందో చూసేవాడు. ఒకసారి చింతచెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నాడు. తిరిగొస్తూ పాకాల స్టేషన్లో కూర్చుని, లోపల ఏం పెట్టి కట్టారో చూద్దామని కట్టు విప్పేశాడు. చెయ్యి వంకరగానే అతుక్కుంది. దానికీ ఆయనకు బాధ లేదు. "ఆకు పసరూ వెదురు బద్దలూ తప్ప లోపలేమీ లేదప్పా" అని మాత్రం చాన్నాళ్ళు చెప్పుకున్నాడు.

అందరికంటే ఎక్కువ అనుమానం కోదండం మీద. కోదండం ఆయన చిన్నాన్న కొడుకు, అంటే దాయాది. ఇద్దరి చేలూ గట్టు పక్కనే గట్టు. కోదండం పార భుజాన వేసుకుని అటు నడిస్తే చాలు, మామ అన్నం ముందు నుంచి లేచి వచ్చేవాడు. నిజానికి కోదండం చెడ్డవాడు కాదు. ప్రతిదానికీ నవ్వుతాడు, అంతే. ఆ నవ్వే మామకు గిట్టేది కాదు.

ఎనభైల మొదట్లో వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. నీళ్ళు తోడే డీజిలు ఇంజన్ల మీద పాత టార్పాలిన్ పట్టాలు కప్పి వదిలేశారు. ఎప్పుడైనా ఒక వాన పడితే గుట్ట మీది నీళ్ళు వంకలో దూకి, మా కళ్ళ ముందే ఏటికి పోయేవి. చూసి చూసి కోదండం ఒకరోజు అందరినీ పిలిచాడు. వంకకు అడ్డంగా మట్టికట్ట వేద్దాం, గుట్ట వాలులో రాళ్ళు పేర్చి నీళ్ళ వడి తగ్గిద్దాం, ఇంటికొక మనిషి వస్తే చాలు అన్నాడు. ఆగిన నీళ్ళు నేలలోకి ఇంకి కింది బావుల్లో ఊరతాయి. అందుకే దాన్ని ఊటకుంట అంటారు. నియమం ఒక్కటే. కుంటలో ఎవరూ ఇంజను పెట్టకూడదు.

కట్ట వేసే చోటు సరిగ్గా మామ చెరుకుతోటకు పైన పడింది. ఆయనకు సంవత్సరమంతా ఇల్లు గడిచేది ఆ తోట మీదే.

"నా తోట పక్కన పారే నీళ్ళకు అడ్డం కట్టి, అవి నేల్లో దూరి మళ్ళీ నా బాయికి వస్తాయంటాండావా? నేల్లో వాటికి దోవ ఎవురు సూపిస్తార్రా, నువ్వా?" అన్నాడు మామ.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు గదన్నా" అని కోదండం నవ్వాడు.

"అట్లయితే ఆ దేవుడి కాడికే పదండి."

మా పక్క ఆ దేవుడంటే కాణిపాకం వినాయకుడు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఆయన ముందు నిలబడి అబద్ధమాడితే కళ్ళు పోతాయని మా నమ్మకం. పల్లెంతా కదిలింది. ఒక్కొక్కరం మునిగి, కుంటలో ఇంజను పెట్టం, కడవ ముంచం అని ప్రమాణం చేశాం. మామ మెట్ల మీద నిలబడి అందరి మునకలూ చూశాడు. కోదండం లేవబోతే, "పిలక మునగలేదు, ఇంకోతూరి మునుగు" అన్నాడు. కోదండం మళ్ళీ మునిగాడు.

ఆ ఎండాకాలం కట్ట లేచింది. మామ కూడా మట్టి మోశాడు, అయితే ఎప్పుడూ కోదండం వెనకాలే మోశాడు. కార్తీకంలో ఒక పెద్ద వాన కురిసి కుంట నిండింది. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లి దండం పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆకాశం మళ్ళీ ఎండిపోయింది.

కుంటలో నీళ్ళు దిగడం మొదలైంది. అది ఇంకుడని మిగతావాళ్ళం అనుకున్నాం. మామ దొంగతనం అనుకున్నాడు. తలకు తుండు చుట్టుకుని పగలంతా కట్ట మీదే కూర్చున్నాడు. దారిన పోతూ పోతూ ఊళ్ళో ఇంజన్లన్నీ తాకి, వేడిగా ఉన్నాయేమో చూసేవాడు. డీజిలు వాసన వస్తోందేమోనని కోదండం పంచె కూడా వాసన చూశాడు. ఈలోగా కింద ఆయన చెరుకు ఆకుల కొసలు మాడిపోతున్నాయి. ఎండిన బావిని చూస్తే కడుపు మండుతుందని ఆయన అటు తొంగి చూడటమే మానేశాడు.

చివరికి ఒకరోజు అందరి ముందూ, "నీళ్ళ దొంగ కోదండమే" అనేశాడు. కోదండం మొదటిసారి నవ్వలేదు.

"అన్నా, మేమందరం మునిగి సెప్పినాము. నువ్వు సెప్పినావా?"

నిజమే. ఇతరుల మునకలు చూసే హడావుడిలో మామ అసలు కోనేట్లో దిగనే లేదు. ఊరంతటిలో ప్రమాణం లేనివాడు ఆయనొక్కడే. కట్ట కింద తోట ఆయనదే. రోజంతా కుంట దగ్గరుండేదీ ఆయనే. ఒక్క క్షణంలో అందరి కళ్ళూ ఆయన మీదికి తిరిగాయి. చేతిపంపు దగ్గర ఆయన భార్య వరదమ్మ వినేలా, "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని ఎవరో అన్నారు. ఆమె ఖాళీ బిందెతో ఇంటికి పోయింది.

మరునాడు పొద్దున్నే మామ మమ్మల్ని వెంటబెట్టుకుని కాణిపాకం పోయాడు. మునిగి లేచి, వణుకుతూ స్వామి ముందు నిలబడ్డాడు. మేం ప్రమాణంలో చెప్పిన మాట ఆయన కోపానికి చాలలేదు. "ఆ కుంట నీళ్ళు ఒక్క సుక్క గూడా నా తోటకు పెట్టలేదు, పెట్టను" అన్నాడు.

తిరిగొస్తుంటే వరదమ్మ ఊరి బయటే ఎదురొచ్చింది. "బాయిలో నీళ్ళుండాయి! మెట్ల దాకా వచ్చినాయి. కుంట తగ్గిందంతా మన బాయికే దిగినట్టుండాది."

అందరం పరుగెత్తాం. నిజంగానే బావి నిండుగా ఉంది. మామ గట్టు మీద కూలబడ్డాడు. "ఇవి ఆ కుంట నీళ్ళే గదా వరదా. ఇప్పుడే గదా పెట్టనని సెప్పొచ్చినా" అన్నాడు.

ఎందరు చెప్పినా వినలేదు. బావిలో ఊరింది బావి నీరేనని, ఇందుకోసమే కదా కట్ట వేసిందని పోట్లాడాం. "నీళ్ళు దోవ మార్చుకుంటే సాలా?" అన్నాడు. మనిషిని నమ్మనివాడు దేవుడిని మాత్రం నిలువునా నమ్మాడు. నాకు ఒళ్ళు మండింది. ఇటు నిండు బావి, పక్కనే మాడుతున్న చెరుకు!

తోట చేజారిపోతుందనగా, ఒక ఉదయం కోదండం డీజిలు డబ్బాతో వచ్చి మామ ఇంజను మీది పట్టా లాగేశాడు.

"నా బాయి కాడ నీకేం పనిరా?"

"పెట్టనని సెప్పింది నువ్వు. నీ తోటకు పెట్టనని నేను సెప్పలేదు. పాపముంటే నా కండ్లే పోతాయిలే."

హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. మామ కాలవ వెంట చివరిదాకా నడిచాడు, నీళ్ళు కోదండం చేనుకు గానీ మళ్ళాయేమోనని. నీళ్ళు చెరుకులోకే పారుతున్నాయి. ఆయన అక్కడే గట్టు మీద కూర్చుని, ముఖానికి తుండు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తోట బతికింది. ఆ రోజు నుంచి మామకు కొత్త రోగం పట్టుకుంది. పొద్దున లేచీ లేవగానే కోదండం వాకిట్లో నిలబడి, "ఒరే, నా మొగం బాగా అగపడతాండాదా?" అని అడిగేవాడు. అగపడతాండాదన్నా అని వాడంటే గానీ చేనికి పోయేవాడు కాదు. రోజూ ఇదే గొడవ. విసుగెత్తి ఒకనాడు కోదండం హాస్యానికి, "ఏమోన్నా, రోంత మసగ్గా ఉండాది" అన్నాడు.

మామ కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా కాణిపాకం దారి పట్టాడు. ఉత్తుత్తికే అన్నానని అరుస్తూ కోదండం, వాడి వెనక నేను పరుగెత్తాం. మేం అందుకునేసరికి ఆయన తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ఉన్నాడు.

"నీళ్ళు పారింది నా తోటకు సామీ. వాని కండ్ల జోలికి పోవద్దు. నావి తీసుకో."

కోదండం మళ్ళీ ఎప్పుడూ ఆయనతో హాస్యమాడలేదు.