మనీ ప్లాంటు రెమ్మ మీద దావా

2023 వేసవి. అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో నా ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కుకీ, ఒక ఇండియన్ కిరాణా కొట్టుకీ మధ్య ఉంటుంది. పంటి నొప్పితో వచ్చినవాళ్ళు ఒక్కోసారి పొరపాటున నా తలుపు తోసి, నేను లాయరునని తెలియగానే ఇంకా ఎక్కువ భయపడి బయటికి పోతారు. గుంటూరులో లా చదివాను. ఇక్కడికి వచ్చాక అది చెల్లదంటే ఏడుస్తూనే మళ్ళీ చదివాను. ఇప్పుడు చిన్నాచితకా సివిల్ కేసులు చూసుకుంటున్నాను.

అమెరికాలో ఎవరి మీదైనా దేనికైనా దావా వేయొచ్చని మనవాళ్ళకు ఒక నవ్వు. అందులో అబద్ధం కూడా లేదు. పక్కింటి చిలక తన భర్త పేరు పెట్టి తిడుతోందని కోర్టుకెక్కిన ఆవిడను నేను చూశాను. పెళ్ళి ఫొటోల్లో తన బట్టతల మెరుస్తోందని ఫొటోగ్రాఫరును కోర్టుకీడ్చిన పెళ్ళికొడుకునూ చూశాను. ఇలాంటి వాటిని ఇక్కడ ఫ్రివలస్ సూట్ అంటారు. కోర్టు టైము దండగ చేసే పనికిమాలిన దావా అని అర్థం. ఈ కేసు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేనూ మొదట ఆ మాటే అన్నాను.

ఆ రోజు వచ్చినవాళ్ళు శ్రీకాంత్, సునీత అనే దంపతులు. ఆయనది వరంగల్, చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆవిడది తెనాలి. ఆయన కూర్చోకుండానే సమన్లు నా ముందు పెట్టాడు.

"మేడమ్, అసలు ఇది కేసేనా? గింత రెమ్మ తెంపినందుకు కోర్టుకు గుంజుతరా ఎవరన్న?"

కాగితం చదివాను. దావా వేసింది వీళ్ళ పక్కింటాయన డేల్. స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. లాయరు లేకుండా తనే రాసుకున్నాడు. మార్చి నెలలో ఒక ఉదయం సునీత డేల్ వరండా మెట్లెక్కి, తొట్టిలో ఉన్న తీగ మొక్క నుంచి ఒక రెమ్మ తుంచి పట్టుకెళ్ళిందని, తన కెమెరాలో అంతా రికార్డయిందని ఫిర్యాదు. పరాయి వస్తువును మనది చేసేసుకోవడాన్ని చట్టం కన్వర్షన్ అంటుంది, ఆ పేరు కూడా ఎక్కడో చూసి సరిగ్గానే రాశాడు. నష్టపరిహారం కింద అడిగింది ఒక్క డాలరు. కింద ఇంకో కోరిక ఉంది. ఎందుకు తీసుకుందో ఆమె కోర్టులో తన నోటితో చెప్పాలట.

నాకు నవ్వొచ్చింది. సునీత నవ్వలేదు.

"తీసుకున్న మాట నిజమే అక్కా" అంది. మేడమ్ పోయి అక్క వచ్చేసింది.

"అడిగితే ఇచ్చేవాడు కదమ్మా?"

"అడిగితే ఎట్టా అక్కా! మనీ ప్లాంటు అడిగి తెచ్చుకుంటే ఎదగదు గదా. అప్పుడు ఈయన ఆఫీసులో లేఆఫ్‌లు మొదలైనై. ఉద్యోగం పోతే రెండు నెలల్లో దేశం వదిలి పోవాలాయె. ఏ దేవుడికి మొక్కాలో తెలీక..." అని తల దించుకుంది.

నేనేమని తప్పుపట్టను? మా అమ్మ పేరంటానికని ఒకరింటికి వెళ్ళి, వాళ్ళ మనీ ప్లాంటు రెమ్మను చీర చెంగులో దాచుకుని వచ్చిన మనిషే. ఆ ఇంటావిడ చూసింది కూడా. చూసి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. మనవైపు దాన్ని దొంగతనం అనరు, అదొక మర్యాద. ఇచ్చేవాళ్ళు చూడనట్టు నటించాలి, తీసుకునేవాళ్ళు దొరకనట్టు నటించాలి. పాపం సునీత పాత్ర సునీత పోషించింది. తనకూ ఒక పాత్ర ఉందని డేల్‌కు ఎవరూ చెప్పలేదు.

"సరే, ఆ మొక్క ఏది?" అన్నాను.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనే పీకి పారేసిన మేడమ్" అన్నాడు శ్రీకాంత్. "కాగితం వచ్చిన రోజే, కుండీతో సహా చెత్తల పడేసిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, గుమ్మడికాయను తీసుకెళ్ళి చెత్తబండిలో వేసినవాణ్ణి నిన్నే చూస్తున్నా! దావా పడ్డాక సాక్ష్యం మాయం చేశావని జడ్జి అంటే ఏం చెప్పమంటావయ్యా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు.

భయపడటంలో అతని తప్పు లేదు. వాళ్ళు గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నారు. వంతు వచ్చాక పెట్టే అర్జీలో ఒక ప్రశ్న ఉంటుంది, పట్టుబడకపోయినా సరే ఎప్పుడైనా నేరం చేశారా అని. ఇది సివిల్ దావా, నేరం కేసు కాదు. కానీ డేల్ కాగితం చివర ఒక వాక్యం తగిలించాడు. ఆమె కోర్టులో అబద్ధం చెబితే వీడియో పోలీసులకు ఇస్తానని. ఎంత చిన్నదైనా దొంగతనం అన్న మాట పోలీసు రికార్డులోకి ఎక్కితే ఇమిగ్రేషన్ వాళ్ళు దాన్ని వేరే కళ్ళతో చూస్తారు. పోనీ కోర్టులో ప్రమాణం చేసి "అవును, తుంచాను" అందామంటే, అది శాశ్వతంగా రికార్డులో ఉంటుంది. నిజం చెబితే ఒక తంటా, అబద్ధం చెబితే ఇంకో తంటా.

శ్రీకాంత్ అప్పటికే ఒక దారి ఆలోచించుకుని వచ్చాడు. "అడిగే తీసుకున్న అని చెప్తది మేడమ్. పెద్దమనిషి, ఆయనకు యాదికి లేకపోవచ్చు గదా."

"నేను చెప్పను" అంది సునీత. "ప్రమాణం చేసి ఆ ముసలాయన మతిమరుపోడని చెప్పమంటావా? మన పాపకు సైకిల్ నేర్పిందెవరు?"

"నువ్వు చెప్తానన్నా నేను చెప్పనివ్వను" అన్నాను. "అబద్ధమని తెలిసి సాక్ష్యం ఇప్పిస్తే నా లైసెన్సు పోతుంది. అర్జీలోని ఆ ప్రశ్నకు కూడా, టైము వచ్చినప్పుడు ఇమిగ్రేషన్ లాయరు పక్కన కూర్చుని నిజమే రాయాలి. ఇప్పుడు మాత్రం మనం ముందు ఆయనతో మాట్లాడాలి. కోర్టులో కాదు."

ఆ మాట్లాడే పద్ధతిని మీడియేషన్ అంటారు. విచారణకు ముందు ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, మధ్యవర్తి రాజీకి ప్రయత్నిస్తారు. అందులో గొప్ప సంగతి ఒకటే. ఆ గదిలో అన్న మాట ఆ గదిలోనే ఉండాలి, దాన్ని తర్వాత కోర్టులో వాడకూడదు. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. అందుకే నా క్లయింట్లను వీలైనంత వరకు ఆ గదికే పంపుతాను. దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తే కోర్టు కౌంటరులో ఉన్న అమ్మాయి డేల్ పేరు చూసి నిట్టూర్చింది. "మళ్ళీ డేలా! పోయినసారి కాలనీ సంఘం మీద వేశాడు. పోస్టుడబ్బా రంగు గురించి."

మీడియేషన్‌కు ముందు ఆ వీడియో చూశాను. సునీత మెట్లెక్కింది. అటూ ఇటూ చూసింది. మొక్కకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది. తర్వాత రెమ్మ తుంచి చున్నీలో దాచుకుని పరుగు. నేనెన్నో కేసులు చూశాను గానీ, దణ్ణం పెట్టి మరీ దొంగిలించిన దొంగను చూడటం అదే మొదలు.

మీడియేషన్ రోజు డేల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మధ్యవర్తి ఒక రిటైరైన టీచరమ్మ. ముందు దావా వేసినవాళ్ళే మాట్లాడాలి కాబట్టి ఆయన్ను మొదలుపెట్టమంది. నోరున్న మనిషి కదా, గంటసేపు ఉపన్యాసం ఇస్తాడనుకున్నాను. కొద్దిగానే మాట్లాడాడు.

"ఈమె ప్రతి దీపావళికీ నాకు స్వీట్లు తెచ్చిస్తుంది. నేను వాళ్ళ పాపకు సైకిల్ నేర్పాను. వాళ్ళు ఊరెళ్తే ఇంటి తాళం నా దగ్గరే పెడతారు. అలాంటప్పుడు ఒక రెమ్మ కావాలంటే నన్ను అడగలేకపోయిందా? ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. అటూ ఇటూ చూస్తుంది, నేను చూస్తున్నానేమోనని. నన్ను చూసి దాక్కోవాల్సినంత పరాయివాణ్ణయ్యానా? అదొక్కటే నాకు తెలియాలి."

సునీత కోసం నేనొక నాలుగు వాక్యాలు రాసిచ్చాను, లాయరు భాషలో, ఎటూ చిక్కకుండా. ఆవిడ ఆ కాగితం మడిచి పక్కన పెట్టేసింది. తనకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. లేఆఫ్‌ల సంగతి చెప్పింది. అడిగితే మొక్క ఎదగదన్న నమ్మకం చెప్పింది. "మీరు పరాయివాళ్ళయితే షాపులో కొనుక్కునేదాన్ని అంకుల్. బాగా బతికిన ఇంటి నుంచే తెచ్చుకోవాలి, మనసున్న వాళ్ళింటి నుంచి. అందుకే మీ ఇంటికొచ్చా" అంది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

 డేల్ నావైపు తిరిగాడు. "మీరూ ఆ దేశం వాళ్ళే కదా. ఇది నిజమేనా?"

"నిజమే. మా అమ్మ కూడా దొంగే" అన్నాను.

"అయితే నేనేం చేయాలి? చూడనట్టు ఉండాలా?"

"అటు తిరిగి నిలబడాలి."

"ఎవరైనా ముందు చెప్తే కదా! తిరిగి నిలబడేవాణ్ణి" అన్నాడు. టీచరమ్మ ఫక్కున నవ్వింది. సునీత కన్నీళ్ళలోనే నవ్వింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

"ఇంతకీ మొక్క ఎదిగిందా?" అని అడిగాడు డేల్.

"ఎదిగింది అంకుల్. వంటింటి కిటికీ అంతా అల్లుకుంది."

"ఒకసారి వచ్చి చూస్తాను."

సునీత మొగుడి వైపు చూసింది. చివరికి శ్రీకాంతే చెప్పాడు. "లేదు సార్. నేను పారేశాను. మీ కాగితం వచ్చిన రోజే."

డేల్ మొహం మాడిపోయింది. "పారేశావా? ఎందుకు? నేనంటే అంత భయమా?"

"మీరంటే కాదు సార్, కాగితం అంటే. మాకు కోర్టు నుంచి ఏ కాగితం వచ్చినా, ముందు సూట్‌కేసులే గుర్తొస్తాయి. మా పాప ఇండియాలో పుట్టింది, దాని పేరూ మాతోపాటే లైన్లో ఉంది. అది రోజూ అడుగుతోంది, మనం వెళ్ళిపోవాలా డాడీ అని."

ఆ పెద్దాయన బల్ల మీద ఉన్న తన ఫైలును మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. "నాకు తెలియదు" అన్నాడు. "నేను ఉత్తరాలు రాస్తే ఎవరూ జవాబివ్వరు. ఫోన్ చేస్తే మిషను మాట్లాడుతుంది. కోర్టు కాగితం పంపితే మాత్రం అవతలివాళ్ళు వచ్చి తీరాలి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. నాకు అదొక్కటే తెలిసిన దారి. దాంతో పిల్లను భయపెట్టానని నాకు తెలియదు."

అక్కడికక్కడే దావా వెనక్కి తీసుకున్నాడు. విత్ ప్రెజుడిస్ అని రాయించాను. అంటే అదే దావా మళ్ళీ వేయడానికి వీల్లేకుండా మూసేయడం. సంతకం పెడుతూ, వీడియో ఈ రాత్రే చెరిపేస్తానన్నాడు. ఒక దావా చిన్నదా పెద్దదా, పనికొచ్చేదా పనికిమాలినదా అన్నది వేసినవాణ్ణి చూసి తేల్చకూడదని నాకు ఆ గదిలో అర్థమైంది. అందుకున్నవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి చూడాలి. డేల్‌కు అది పక్కింటివాళ్ళతో ఒక మాట. వాళ్ళకు ఈ దేశంలో ఉంటామా పోతామా అన్న ప్రశ్న. నేను రెండు వైపుల భాషా తెలిసినదాన్ని అయ్యుండీ మొదట నవ్వాను.

లేవబోతూ డేల్ శ్రీకాంత్‌ను అడిగాడు. "ఇంతకీ మీ లైను ఎప్పటికి కదులుతుంది?"

"తెలియదు సార్. మా పాపకు ఇరవై ఒకటి నిండేలోపు రాకపోతే, తన పేరు లైన్లోంచి తీసేస్తారు. అప్పుడు తన వీసా తనే చూసుకోవాలి, లేదంటే వెళ్ళిపోవాలి."

"ఎక్కడికి?"

"ఇండియాకి. రెండేళ్ళప్పుడు వచ్చేసింది సార్. అక్కడ దానికి ఎవరూ తెలియదు."

డేల్ మళ్ళీ కూర్చున్నాడు. నమ్మలేదనుకుంటాను, నావైపు చూశాడు. నిజమేనన్నట్టు తలూపాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఫైలులో తెల్ల కాగితం ఒకటి వెతుక్కున్నాడు.

"సరే, దీనికి ఎవరి మీద దావా వేయాలో చెప్పండి" అన్నాడు.

నన్ను జడ్జీలు ఎన్నో ప్రశ్నలు అడిగారు, క్లయింట్లు అడిగారు. పనికిమాలిన కేసులు వేస్తాడని పేరుపడ్డ ఆ ముసలాయన అడిగినంత సరైన ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆయన కాగితం మీద తేదీ వేసి, నా జవాబు కోసం పెన్ను పట్టుకుని అలాగే చూస్తున్నాడు.