బంతిలో ఒక విస్తరి

మా కోనసీమలో మనిషిని కట్టేసేటప్పుడు కూడా మర్యాద తప్పరు. భార్య పోయాక నేను నిద్ర మానేసి గోడలతో మాట్లాడుతున్నానని మా అన్నయ్య నన్ను మలికిపురం దగ్గర ఒక మతిస్థిమితం లేనివాళ్ళ ఆశ్రమంలో చేర్పించాడు. మొదటి రోజే మేనేజరు కొబ్బరి తాడు పట్టుకొచ్చి, "మేష్టారూ, తవరు కాస్త చేతులిలా ఇవ్వాలండి," అన్నాడు. ఇచ్చాను. ముప్ఫై ఏళ్ళు బెత్తం పట్టుకుని పిల్లల్ని చేతులు చాపమన్నవాణ్ణి, నా వంతు రాకుండా పోతుందా!

అక్కడ ఎవరూ తిట్టేవారు కాదు. మాట వినకపోతే అన్నం ఆపేసేవారు. దానికి ఉపవాస చికిత్స అని పేరు. అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఓ పడవ సరంగు మాత్ర ఉమ్మేశాడని ఆయన్ని వెనక కొబ్బరికాయల కొట్లో పెట్టి గొళ్ళెం వేశారు. రెండు రోజులు తలుపు బాదాడు. మూడో రోజు పొద్దున చప్పుడు ఆగిపోయింది.

"నిమ్మళించేరండి. వైద్యం పనిచేసింది," అన్నాడు మేనేజరు సంతోషంగా.

నాకు మాత్రం సంగతి అర్థమైపోయింది. ఇంకో పూట గడిస్తే ఆ మనిషి దక్కడు.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ భర్త సంవత్సరీకానికని మాకు భోజనాలు పెట్టడానికి వచ్చింది. కొబ్బరి వ్యాపారం చేసే కుటుంబం. పులిహోర, పనసపొట్టు కూర, పూర్ణం బూరెలు. విస్తళ్ళు వేసేలోగా నేను ఒక్కొక్కరి చెవిలో ఒకే మాట వేశాను, సరంగు వచ్చి కూర్చునేదాకా ముట్టొద్దని. మాలో తన పేరు మర్చిపోయినవాళ్ళున్నారు గానీ బంతి మర్యాద మర్చిపోయినవాడు ఒక్కడూ లేడు.

నా పక్కన ఒక విస్తరి ఖాళీగా ఉంచాను. వడ్డన పూర్తయింది.

"ఇంక కానివ్వండి బాబూ," అంది పెద్దావిడ.

ఎవరూ చెయ్యి పెట్టలేదు. బూరెలంటే ప్రాణం విడిచే ముసలాయన కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"ఏమీ అనుకోకండమ్మా, మతి సరిగా లేనివాళ్ళు కదండీ," అని మేనేజరు నవ్వబోయాడు.

"మతి సంగతలా ఉంచండి. ఇక్కడ కూర్చోవాల్సిన సరంగుగారు ఆ కొట్లో ఉన్నారండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మూడు రోజులై అన్నం లేదండి. ఆయనొస్తే మొదలెడతామండి."

"ఆయ్," అంది బంతి మొత్తం.

పెద్దావిడ చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"మా ఆయన తిథినాడు ఇంతమంది విస్తరి ముట్టకుండా లేస్తే నేనెలా బతకనయ్యా? తలుపు తియ్యి."

తీశారు. సరంగును ఇద్దరు పట్టుకుని తెచ్చారు. వేళ్ళు వాచిపోయి అన్నం కలుపుకోలేకపోయాడు. నేను కలిపి ముద్ద నోట్లో పెడితే నమిలాడు. అప్పుడు తిన్నాం అందరం. నేను ఏడుస్తూ తిన్నాను, సిగ్గేమీ వెయ్యలేదు.

మర్నాడు మేనేజరు మా అన్నయ్యకి ఫోన్ చేసి, నన్ను ఎదురుగా నిలబెట్టి మరీ స్పీకర్ పెట్టాడు.

"మీ తమ్ముడుగారికి బాగా ముదిరిందండి. పక్కవాడికి పెట్టందే తాను తినరట. ఎవడో సరంగు కోసం బంతినే ఆపేసేరండి."

"అది మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బేనండి," అన్నాడు అన్నయ్య. "రేపు పొద్దున్నే కారు తీసుకొస్తున్నాను. ఆ సరంగుగారి బట్టలు కూడా సర్దించండి."