పథ్యం నాటి గీత

ఆంటిమొనీ అనే లోహం చూడటానికి వెండిలా మెరుస్తుంది గానీ, కొంచెం గట్టిగా నొక్కితే సుద్దముక్కలా విరిగిపోతుంది. దాన్ని కరిగించి, సన్నటి గాజు గొట్టంలోకి పీల్చి, ఆవగింజంత మొన తయారు చేయడమే అప్పట్లో నా ఉద్యోగం, నా చదువు, నా పిచ్చి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. గన్నవరం రోడ్డులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లాబ్‌లో కూర్చుని, ముక్కులోంచి అన్నవాహికలోకి దించి అక్కడి పీహెచ్ కొలిచే తీగ ఒకటి చేస్తున్నాను. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నితే మొన దగ్గర వోల్టేజీ మారుతుంది, నడుముకు కట్టిన పెట్టె దాన్ని గీతగా రాసుకుంటుంది. ఆమ్లం తగిలినప్పుడల్లా గీత కిందికి పడుతుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే ఎక్కడో ఒక అతుకులోంచి తడి లోపలికి దూరేది, గీత తన ఇష్టం వచ్చినట్టు నడిచేది. గుణదలలో నా అద్దె గదిలో కూడా గోంగూర పులుసులో, మజ్జిగలో, చింతపండు రసంలో తీగలు ముంచి చూస్తూ ఉండేదాన్ని. నా గదికి వచ్చినవాళ్ళు నా గిన్నెల్లో ఏదీ తినేవాళ్ళు కాదు.

నాన్న బందరు రేవులో చేపల వేలం పిలిచేవాడు. పడవలు ఒడ్డుకు చేరి గంపలు దిగగానే ఆయన గొంతు లేచేది. ఇంజన్ల మోత మీదుగా, ఆడవాళ్ళ అరుపుల మీదుగా, ఐసు లారీల హారన్ల మీదుగా అది రేవు చివరిదాకా వినిపించేది. ఒకటోసారి, రెండోసారి అని పిలిచి ఆగేవాడు. ఆ ఆగడంలో కొనేవాళ్ళ మొహాలన్నీ ఒకసారి చూసి, అప్పుడు మూడోసారి అనేవాడు. మూడోసారి అన్నాక అమ్మినవాడూ కొన్నవాడూ ఎవరూ మాట మార్చకూడదు, అది రేవు కట్టుబాటు. చిన్నప్పుడు నాకు మా నాన్నంటే ముందు గొంతు, ఆ తర్వాతే మనిషి.

ఆ గొంతు ఒక వానాకాలం బొంగురుపోయింది, మళ్ళీ బాగుపడలేదు. కషాయాలు అయ్యాయి, మిరియాలు అయ్యాయి. సంక్రాంతి వెళ్ళినా తగ్గకపోతే, పోట్లాడి విజయవాడ తీసుకొచ్చాను. నేను చేసిన తీగలను పరీక్షించడానికి ఒప్పుకున్న గొంతు డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్ళాను. మా మొదటి మంచి తీగను ముందు తన ముక్కులోంచే దించుకుని చూసుకున్న మనిషి ఆయన. నాన్న గొంతులోకి అద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"వాపుందండీ. ఆమ్లం పైకి తన్నినా ఇలాగే ఉంటుంది. కానీ ఒకవైపు స్వరతంత్రి మీద చిన్న మచ్చలాంటిది కనపడుతోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం," అన్నారు.

నాన్న మొహం పాలిపోయింది. కత్తి తగిలితే లేని జబ్బు కూడా ముదురుతుందని మా రేవులో అందరి నమ్మకం. ముక్క తీయించుకుని నెలలు తిరక్కుండా పోయిన మనిషి గురించి ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. డాక్టరుగారు ఎంత చెప్పినా వినలేదు. చివరికి నా వైపు చూసి వేలం పెట్టాడు.

"అమ్మాయి చేసిన తీగుంది కదండీ. ముందు అది దించండి. పులుపు కనపడితే మందులు మింగుతా. కనపడకపోతే మీ ఇష్టం, కోసుకోండి. ఇదే మూడోసారి, ఇంక నేను మాట మార్చను."

డాక్టరుగారికి కోపం వచ్చింది. అయినా బేరం తెగకపోతే రోగి బందరు బస్సెక్కేస్తాడని అర్థమై, ఒప్పుకున్నారు. రోజంతా తీగ లోపలే ఉండాలి. "పనులు మామూలుగా చేసుకోండి, రోజూ తినేదే తినండి," అని అమ్మకు రెండుసార్లు చెప్పారు. అమ్మ బుద్ధిగా తల ఊపింది.

తీగ దించేటప్పుడు నాన్నకు కళ్ళవెంట నీళ్ళు కారాయి. అయినా, "మన రొయ్యల చెరువులకి చూసినట్టు నాక్కూడా పీహెచ్ చూత్తన్నావేంటే," అని నవ్వించబోయాడు. చెంప మీద ప్లాస్టర్, నడుముకు పెట్టె. ఇద్దరినీ నా గదిలో దించి లాబ్‌కి వెళ్ళిపోయాను. దారంతా ఒకటే కోరుకున్నాను, గీత పడిపోవాలి. ఆమ్లం కనపడాలి.

పడలేదు. మర్నాడు పెట్టెను కంప్యూటరుకు కలిపితే గీత ఈ చివర నుంచి ఆ చివరకు చదునుగా పోయింది. నా తీగే చెడిపోయిందనుకున్నాను, చెడిపోయి ఉంటే బాగుండుననుకున్నాను. ఒంటి వేడికి సమానంగా కాచిన ద్రావణాల్లో మళ్ళీ మళ్ళీ ముంచాను. ఆమ్లంలో ఆమ్లమనే చెప్పింది, నీళ్ళలో నీళ్ళనే చెప్పింది. ఇన్నేళ్ళ పనిలో, చేసిన వస్తువు సరిగ్గా పనిచేసినందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే.

నాన్న మాట మార్చలేదు. ఆయన ముక్క తీయించుకున్నాడు. అది మేం భయపడిన క్యాన్సరే. కానీ ఇంకా చిన్నది, ఆ ఒక్క స్వరతంత్రి దాటి పోలేదు. ఆ తంత్రి తీసేస్తే మనిషి బతుకుతాడన్నారు. తీసేశారు. మనిషి మిగిలాడు. గొంతు స్థానంలో ఒక గుసగుస మిగిలింది, అదీ చెవి దగ్గర పెడితేనే.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారానికి, బార్లీ జావ కాస్తూ అమ్మ తనంతట తానే అంది.

"ఆ తీగేసిన రోజు కూడా ఇదే పెట్టానే. పొద్దున చట్నీ లేకుండా ఇడ్లీ, మజ్జాన్నం పెరుగన్నం, రాత్రికి జావ. మాట్టాడనివ్వలా, దిళ్ళకి ఆనించి కూచోబెట్టా. ముక్కులో గొట్టవున్న మనిషికి ఎండుచేపల పులుసు పెడతారేంటి ఎవరన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరుగారు అంత వివరంగా చెబితే! నా గీత కొలిచింది నాన్న రోజును కాదు, అమ్మ పెట్టిన పథ్యాన్ని. అరవబోయి ఆగిపోయాను. ఆ రోజు ఆయన రోజూ తినేదే తిని ఉంటే గీత పడి ఉండేదేమో. పులుపు కనపడింది కదా అని నాన్న మాత్రల చీటీ పట్టుకుని బందరు బస్సెక్కేవాడు. ఆ మచ్చ ఎంత పెరిగాక తిరిగొచ్చేవాడో. వెళ్ళి గడప మీద కూర్చున్నాను. అమ్మకు ఏమీ అర్థం కాలేదు, జావలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమంది.

గొంతు మానాక డాక్టరుగారు మళ్ళీ తీగ వేద్దామన్నారు. ఆమ్లం నిజంగానే ఉంటే మిగిలిన తంత్రికి మంచిది కాదని ఆయన భయం. ఈసారి పథ్యం పెట్టనని అమ్మతో ఒట్టు వేయించుకున్నాను. నాన్న తీగతోనే బందరు వెళ్ళాడు, పులుసన్నం తిన్నాడు, ప్లాస్టర్ చెంపతోనే రేవుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన స్థానంలో వేరే మనిషి వేలం పిలుస్తున్నాడు అప్పటికి.

ఈసారి గీత పడింది. పులుసు తర్వాత పడింది, పడుకున్నాక పడింది. ఆ రెండూ అనుకున్నవే. కానీ తెల్లవారాక, ఏమీ తినకముందు, నిలబడి ఉన్న సమయంలో కూడా వరసగా పడుతూ లేస్తూ ఉంది. పొట్ట కండరాలు బిగించి గట్టిగా అరిచేవాళ్ళలో అలా వస్తుందని నాకు తెలుసు. ఈయనకు అరవడానికి గొంతే లేదు కదా.

"ఆ టైంలో ఏం చేశావు నాన్నా?" అని అడిగాను.

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. అమ్మే చెప్పింది. "వేలం పాట దగ్గర నిలబడ్డాడే. పెదాలాడతానే ఉన్నయ్యి. పొట్ట ఇట్టా బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని. నలుగురూ చూత్తన్నారయ్యా అన్నా ఇన్లా."

కాగితం మీద ఆ గీతను వేలితో తడుముతూ ఉండిపోయాను. లోపల ఒక మనిషి ప్రతి గంపకూ వేలం పిలుస్తూనే ఉన్నాడు. అది విన్నది నా ఆవగింజంత మొన ఒక్కటే.

నాన్న చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. ఒంగి ఆయన పెదాల దగ్గర చెవి పెట్టాను.

"వాడు మూడోసారి తొందరగా అనేత్తన్నాడే," అన్నాడు. "కొంచెం ఆగాల."